కమ్యూనిజం పోయాక ఆ ఫ్యాక్టరీ ఎవరి చేతికి వెళ్లింది? యాజమాన్య చరిత్రను తరచి చూసే విధానం

తూర్పు యూరప్‌లోనో, పూర్వపు సోవియట్ దేశాల్లోనో ఉన్న ఒక కర్మాగారం 1989 తర్వాత ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో, దానివల్ల అక్కడి ఉత్పత్తికీ ఉద్యోగాలకూ ఏమైందో తెలుసుకోవాలనుకునే తెలుగు పాఠకుడికి మొదట అడ్డుపడేది మన మాటే. ‘యాజమాన్యం’ అంటే సొంతదారు హక్కు. సమ్మె వార్తల్లో ‘యాజమాన్యంతో చర్చలు’ అన్నప్పుడు మాత్రం ఫ్యాక్టరీని నడిపే అధికారులు. ఈ రెండర్థాలనూ ఒకే మాటలో పెట్టుకుని పని మొదలుపెడితే సగం కథ కనిపించకుండా పోతుంది. అందుకని నోట్సులో ‘సొంతం’, ‘అజమాయిషీ’ అని రెండు గళ్లు గీసుకోవాలి. వాటాలు ఎవరి పేరున ఉన్నాయో మొదటి గడిలోనూ, డైరెక్టరును నియమించేది, తొలగించేది, సరుకు ఎవరికి ఏ ధరకు అమ్మాలో నిర్ణయించేది ఎవరో రెండో గడిలోనూ తేదీలతో సహా రాయాలి.

మొదటి వరుసను కమ్యూనిస్టు కాలం నుంచే నింపాలి. అప్పుడు అంతా ప్రభుత్వానిదే అని ఒక్క ముక్కలో తేల్చేయడం మామూలుగా జరిగే పొరపాటు. సోవియట్ కర్మాగారం మాస్కోలోని ఒక మంత్రిత్వ శాఖ కింద ఉండేది. పోలండ్‌లో 1981 చట్టం కార్మిక మండళ్లకు, హంగరీలో 1980ల మధ్యలో వచ్చిన సంస్కరణ సంస్థల మండళ్లకు నిజమైన అధికారాలే ఇచ్చాయి. యుగోస్లావియాలోనైతే సంస్థ ప్రభుత్వానిదీ కాదు, కార్మికులదీ కాదు, ‘సమాజానిది’. దాన్ని అమ్మాలంటే ముందు సొంతదారు ఎవరో చట్టం చేసి తేల్చవలసి వచ్చింది. స్లొవేనియా 1992 చట్టం వాటాల్లో పదేసి శాతం పింఛను నిధికీ పరిహార నిధికీ, 20 శాతం అభివృద్ధి నిధికీ పోగా, మిగిలిన 60 శాతాన్ని సంస్థలోని వాళ్లకే పంచడానికి, అమ్మడానికి వీలు కల్పించింది. పాత అధికారం ఎవరి దగ్గర ఉందో తెలిస్తే, కొత్త చట్టం ఎవరి ఒత్తిడికి లొంగిందో తెలుస్తుంది.

ఆ తర్వాత సంస్థ వాటాల కంపెనీగా మారిన తేదీని పట్టుకోవాలి. రష్యాలో పెద్ద సంస్థలన్నీ అలా మారాలని ఆదేశించిన డిక్రీ 1992 జూలై 1న వచ్చింది. అప్పటికి ఆరు నెలల ముందే, జనవరి 2న, ధరల మీద అదుపు తీసేయడంతో అవి చుక్కలను తాకుతున్నాయి; కంపెనీల మూలధనాన్ని మాత్రం పాత లెక్కల పుస్తకాల్లోని విలువతోనే కట్టారు. ఈ సంగతి గమనించకపోతే ఆ తర్వాతి అమ్మకాల్లో ఏ అంకె చౌకో, ఏది న్యాయమైనదో చెప్పలేం.

ఇక అసలు బదిలీ. అమ్మకం, ఉచిత పంపిణీ, లోపలివాళ్లకు కట్టబెట్టడం, జాతీయం చేసినదాన్ని పాత సొంతదారు కుటుంబానికి తిరిగివ్వడం అనే దారుల్లో మీ సంస్థ ఏ దారిన పోయిందో చూడాలి. హంగరీ చాలావరకు అమ్మకాన్నే ఎంచుకుంది. టుంగ్‌స్రామ్ బల్బుల కంపెనీలో సగానికి పైగా వాటాను 1989 చివరలోనే అమెరికాకు చెందిన జనరల్ ఎలక్ట్రిక్ కొనుక్కుంది. ఇలాంటి చోట రెండు గళ్లలోనూ ఒకే పేరు పడుతుంది కాబట్టి పని తేలిక.

చిక్కంతా వోచర్ల దగ్గరే, అంటే సంస్థల వాటాలకు మార్చుకోవడానికి ప్రజలకు పంచిన కూపన్ల దగ్గరే. చెకోస్లొవేకియాలో 1992 నాటి మొదటి విడతలో 1,035 కొరూనాలు కట్టిన ప్రతి వయోజనుడికీ 1,000 పాయింట్లున్న కూపన్ పుస్తకం దక్కేది. సుమారు 1,500 కంపెనీల వాటాల కోసం ఐదు రౌండ్లుగా వేలం నడిచింది. 85 లక్షల మంది పాల్గొన్నారు. ఇంతవరకు చదివి సొంతం గడిలో ‘ప్రజలు’ అని రాయబుద్ధేస్తుంది. కానీ ఆగాలి. హార్వర్డ్ క్యాపిటల్ అండ్ కన్సల్టింగ్ అనే సంస్థ (హార్వర్డ్ విశ్వవిద్యాలయంతో దానికి ఏ సంబంధమూ లేదు) పాయింట్లు తమకు అప్పగిస్తే ఏడాదీ ఒక రోజూ గడిచాక కట్టిన సొమ్ముకు పదింతలు ఇస్తామని ప్రచారం చేయడంతో జనం తమ పాయింట్లతో వాటాలు కొనిపెట్టే పెట్టుబడి ఫండ్ల వైపు విరగబడ్డారు. చివరికి మొత్తం పాయింట్లలో 70 శాతానికి పైగా ఫండ్ల చేతికే చేరాయి. పెద్ద ఫండ్లలో చాలా వాటిని స్థాపించినవి బ్యాంకులు. ఆ బ్యాంకుల్లో పెద్ద వాటా ఇంకా ప్రభుత్వ ఆస్తి నిధి దగ్గరే ఉంది. అంటే కంపెనీ నుంచి ఫండుకు, ఫండు నుంచి బ్యాంకుకు, బ్యాంకు నుంచి ప్రభుత్వానికి గీత గీసుకుంటూ పోతే మొదలుపెట్టిన చోటికే వచ్చి చేరతాం. అప్పిచ్చేదీ, అప్పు తీసుకున్న కంపెనీలో వాటాలను చూసుకునేదీ ఒకే బ్యాంకు కూటమి అయినప్పుడు గట్టిగా అడిగే నాథుడుండడు. కంపెనీ ఆస్తులను చాటుగా సొంత సంస్థలకు తరలించడానికి చెక్ భాషలో ‘సొరంగం తవ్వడం’ అనే మాట పుట్టింది ఈ సందులోంచే. కొమర్చ్‌నీ బ్యాంకాను 2001లో ఫ్రాన్స్‌కు చెందిన సొసైతే జెనరాల్‌కు అమ్మేదాకా ఈ పెద్ద బ్యాంకుల అమ్మకం పూర్తి కాలేదు. చెక్ సంస్థ దేనికైనా 1992 కన్నా ఈ తేదీలే ముఖ్యమని నా అభిప్రాయం.

రష్యాలోనూ 1992 అక్టోబరు నుంచి 10,000 రూబుళ్ల వోచర్లు పంచారు. అయితే అక్కడ అజమాయిషీని తేల్చింది వోచరు కాదు, సంస్థ సిబ్బందికిచ్చిన ఐచ్ఛికాల్లో రెండోది. దాని ప్రకారం సిబ్బంది అంతా కలిసి 51 శాతం ఓటు హక్కు వాటాలను పుస్తక విలువకు 1.7 రెట్ల ధరకు కొనుక్కోవచ్చు. అత్యధిక సంస్థలు దీన్నే ఎంచుకున్నాయి. కాగితం మీద కార్మికులే సొంతదారులు, ఆచరణలో పాత డైరెక్టరే దొర.

ప్రభుత్వం దగ్గర మిగిలిన వాటాలు చేతులు మారే రెండో బదిలీని మరింత దగ్గరగా చూడాలి. 1995 నవంబరులో రష్యాలోని నికెల్ కంపెనీ నొరీల్‌స్క్ నికెల్‌లో 38 శాతం వాటాను, ప్రభుత్వానికి ఎక్కువ అప్పిచ్చేవాళ్లకు తాకట్టుగా ఇచ్చేలా వేలం వేశారు. వేలం నిర్వహించింది ఒనెక్సిమ్ బ్యాంకు. కనీస ధర 17 కోట్ల డాలర్లు. గెలిచిన ధర 17.01 కోట్లు, గెలిచింది ఒనెక్సిమ్ బ్యాంకే. 35.5 కోట్లు ఇస్తామన్న మరో బ్యాంకు బిడ్‌ను నిబంధనల పేరుతో పక్కన పెట్టారు. కాబట్టి ప్రతి వేలంలోనూ ధర కంటే ముందు, నిర్వహించినదెవరు, ఎవరి బిడ్‌ను ఏ కారణంతో తోసిపుచ్చారు అని చూడాలి.

ధర ఒక్కటే చూసి తీర్పు చెప్పడం ఇంకో రకంగానూ తప్పుదారి పట్టిస్తుంది. తూర్పు జర్మనీ సంస్థలను అమ్మిన ప్రభుత్వ ఏజెన్సీ ట్రాయ్‌హాండ్ కొన్నింటిని నామమాత్రంగా ఒక మార్కుకే ఇచ్చేసింది. అందుకు బదులుగా పెట్టుబడి, ఉద్యోగాల హామీలు రాయించుకుంది. 1994 చివరికి అది 25 వేల కోట్ల మార్కులకు పైగా నష్టంతో మూతపడింది. అయితే ఆ నష్టమంతా అమ్మకం తీరువల్ల వచ్చిందనలేం; 1990 జూలై 1న వేతనాలను ఒకటికి ఒకటి చొప్పున పశ్చిమ మార్కులోకి మార్చిన నాడే చాలా ఫ్యాక్టరీల్లో సరుకు తయారీ ఖర్చు అది అమ్ముడుపోయే ధరను దాటిపోయింది.

ఫలితాన్ని యాజమాన్యానికి ముడిపెట్టేటప్పుడు ఇదే జాగ్రత్త కావాలి. కాస్త బాగున్న సంస్థలే ముందు అమ్ముడవుతాయి కనుక, అమ్మినవాటినీ అమ్మనివాటినీ పక్కపక్కన పెట్టి పోలిస్తే ప్రైవేటు చేయి తగలగానే బాగుపడినట్టు కనిపిస్తుంది. అందుకని ప్రతి సంస్థకూ బదిలీకి ముందు రెండు మూడేళ్ల అంకెలు తీసుకోవాలి. పోలండ్‌లో పెద్ద సంస్థల సామూహిక పంపకం 1995 దాకా వాయిదా పడుతూ వచ్చింది. ఆ ఏడాదే 512 కంపెనీలను 15 జాతీయ పెట్టుబడి నిధుల కింద చేర్చారు. అయినా 1996 నాటికే దేశ ఉత్పత్తి 1989 స్థాయిని అందుకుంది. సబ్సిడీలు ఆగిపోవడం, కొత్తగా పుట్టిన చిన్న ప్రైవేటు సంస్థలు పెరగడం అక్కడ పాత ఫ్యాక్టరీల పంపకం కంటే ఎక్కువ పని చేశాయి.

చివరి వరుస నింపాక కూడా ఆ బదిలీ నిలిచిందో లేదో కోర్టు తీర్పుల్లో వెతకాలి. ఉక్రెయిన్‌లోని క్రివోరిఝ్‌స్తాల్ ఉక్కు కర్మాగారంలో 93.02 శాతం వాటాను 2004లో 426 కోట్ల హ్రివ్నియాలకు స్వదేశీ వ్యాపార కూటమికి కట్టబెట్టారు; పోటీ నిబంధనలు విదేశీ కంపెనీలను ముందే వడపోసేలా రాసి ఉన్నాయి. ప్రభుత్వం మారాక ఆ అమ్మకం రద్దయింది. 2005 అక్టోబరు 24న టీవీలో ప్రత్యక్ష ప్రసారంగా సాగిన వేలంలో అదే వాటాను మిట్టల్ స్టీల్ 2,420 కోట్ల హ్రివ్నియాలకు, అంటే సుమారు 480 కోట్ల డాలర్లకు, దక్కించుకుంది. ఇలాంటి సంస్థకు నోట్సులో రెండు వరుసలు కాదు, మూడు కావాలి: మొదటి అమ్మకం, రద్దయి ప్రభుత్వానికి తిరిగి వచ్చిన కాలం, రెండో అమ్మకం.