ఓడ ప్రయాణం – స్వయంశిక్షణ, 4వ పాఠం: రేవులో సామాను అప్పగించడం, పోర్టరుకు టిప్పు ఇవ్వడం

గత పాఠంలో సామాను ట్యాగులను ఇంటి వద్దనే అచ్చువేసుకుని, ఓడ పేరు, ప్రయాణ తేదీ, కేబిన్ సంఖ్య స్పష్టంగా కనబడేటట్లు మడిచి, ప్రతి పెట్టె పిడికీ గట్టిగా కట్టడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో ఆ పెట్టెలు మన చేతి నుండి మరొకరి చేతిలోకి వెళ్లే ఘట్టాన్ని అభ్యాసం చేద్దాము. ఇది రెండు మూడు నిమిషాలలో ముగిసిపోయే పనే అయినా, ముందుగా సిద్ధపడని వారు తడబడేది ఇక్కడే.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుండి అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్లే తల్లిదండ్రులకు ఓడ ప్రయాణం ఇప్పుడు కొత్త విషయం కాదు. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో కాపురముంటున్న కూతురు, అల్లుడు సెలవులు చూసుకుని గాల్వెస్టన్ రేవు నుండి మెక్సికో వైపు వెళ్లే ఓడకు అందరికీ టికెట్లు తీసుకుంటారు. ఫ్లోరిడాలో ఉన్నవారు మయామీ నుండో, పోర్ట్ కెనావెరల్ నుండో బయలుదేరుతారు. రేవు ఏదైనా పద్ధతి ఒక్కటే. కారు టెర్మినల్ ముందు ఆగగానే, చక్రాలున్న పెద్ద ఇనుప చట్రపు బండ్లతో పోర్టర్లు ఎదురవుతారు. వారు పెట్టెలను అందుకుని, ట్యాగులు చూసి, బండిలో పేరుస్తారు. అక్కడి నుండి ఆ సామాను ఎక్స్‌రే తనిఖీకి వెళ్లి, తరువాత ఓడలోకి చేరి, సాయంత్రానికి మన కేబిన్ తలుపు ముందుకు వస్తుంది.

ఈ వరుసను అర్థం చేసుకోవడానికి మన అలిపిరి కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. కాలినడకన కొండ ఎక్కే భక్తులు అలిపిరి వద్ద తాళం వేసిన బ్యాగును దేవస్థానం వారి లగేజీ కౌంటరులో అప్పగించి, రసీదు తీసుకుని, 3,550 మెట్లు ఎక్కి, తిరుమలలో ఆ రసీదు చూపించి బ్యాగు తీసుకుంటారు. ఓడ రేవులో జరిగేది కూడా దాదాపు ఇదే. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉంది. అలిపిరిలో అది దేవస్థానం ఉచితంగా అందించే సేవ; అక్కడ ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు, ఇవ్వకూడదు కూడా. తిరుపతి రైల్వే స్టేషనులో ఎర్ర చొక్కా వేసుకుని, చేతికి బిల్ల కట్టుకున్న లైసెన్సు పోర్టరు విషయం వేరు. అతనికి మనమిచ్చేది కూలి, దానికి రైల్వే వారు నిర్ణయించిన రేటు ఉంటుంది. అమెరికా రేవులోని పోర్టరుకు ఇచ్చేది ఈ రెండింటిలో దేనికీ చెందదు. అతనికి జీతం ఉంది, మన నుండి రావలసిన కూలి అంటూ ఏదీ లేదు, అయినా సామాను అందుకున్నవారికి కొంత ఇవ్వడం అక్కడ స్థిరపడిన ఆచారం. రేటు లేదు కనుక బేరం కూడా లేదు. 'ఎంత ఇమ్మంటావన్నా?' అని స్టేషనులో అడిగినట్లు అక్కడ అడగకూడదు. మనమే నిర్ణయించుకుని, అడగకముందే ఇవ్వాలి.

ఎంత ఇవ్వాలన్నది మొదటి ప్రశ్న. పెట్టెకు ఒకటి నుండి రెండు డాలర్లు వాడుకలో ఉన్న లెక్క. నా అభిప్రాయంలో పెట్టెకు రెండు డాలర్లు ఇవ్వడం సముచితం. విమానానికని 23 కిలోల వరకు నింపిన పెట్టెనే ఓడకు కూడా తీసుకువెళ్తున్నట్లయితే, దానికి మూడు డాలర్లు లెక్కించండి. ఆ బరువును బండి పై వరుసకు ఎత్తేది అతని నడుమే. ఒకే ఒక్క చిన్న పెట్టె ఉన్నా రెండు డాలర్లకు తగ్గవద్దు. ఇద్దరు దంపతులు, రెండు పెట్టెలు అయితే ఒక ఐదు డాలర్ల నోటు చాలు, చిల్లర లెక్కపెట్టే పని కూడా ఉండదు. ఇక్కడ మనవారు తరచుగా చేసే ఒక పని గురించి చెప్పాలి. రెండు డాలర్లంటే 160 రూపాయలకు పైమాటే అని మనసులో గుణించుకుని, తిరుపతిలో ఆ డబ్బుకు ఏమేమి వస్తుందో తలచుకుని, చెయ్యి వెనక్కు తీసుకుంటారు. పోర్టరు ఆ డాలర్లను ఖర్చు పెట్టేది అతని ఊరిలో. అక్కడ రెండు డాలర్లకు ఒక కప్పు కాఫీ దొరకడం కూడా కష్టమే. కనుక ఈ లెక్కను డాలర్లలోనే మొదలుపెట్టి డాలర్లలోనే ముగించండి.

రెండవ ప్రశ్న, ఓడలో మన వద్ద రోజువారీ వసూలు చేసే టిప్పులో ఇది కలిసి ఉండదా అన్నది. ఉండదు. ఈ పాఠంలో గట్టిగా గుర్తుంచుకోవలసిన విషయం ఇదే. చాలా ఓడ కంపెనీలు ఒక్కొక్క ప్రయాణికునికి రోజుకు సుమారు 16 నుండి 20 డాలర్ల వరకు మన ఖాతాలో చేర్చే మాట నిజమే కానీ, ఆ మొత్తం కేబిన్ శుభ్రం చేసేవారు, భోజనశాలలో వడ్డించేవారు మొదలైన ఓడ సిబ్బందికి చెందుతుంది. రేవులోని పోర్టరు ఓడ సిబ్బంది కాడు. అమెరికా తూర్పు తీరంలోను, గాల్వెస్టన్ ఉన్న మెక్సికో సింధుశాఖ తీరంలోను అతడు సాధారణంగా రేవు కార్మికుల సంఘానికి చెందినవాడై ఉంటాడు. అక్కడి పెద్ద సంఘమైన ఇంటర్నేషనల్ లాంగ్‌షోర్‌మెన్స్ అసోసియేషన్ చరిత్ర 1892 నాటిది. ఓడ కదిలిన తరువాత కూడా అతడు గట్టు మీదనే ఉంటాడు. మనం ఓడలో ఎంత ఉదారంగా ఇచ్చినా అందులో ఒక్క సెంటు కూడా అతనికి చేరదు.

ఇక నోట్ల విషయానికి వద్దాము. భారతదేశంలో విదేశీ ద్రవ్యం కొనుక్కునేటప్పుడు ఎక్కువగా చేతికి వచ్చేవి 100, 50, 20 డాలర్ల నోట్లు. అవి రేవులో ఇందుకు పనికిరావు. ఒక డాలరు నోట్లు పది, ఐదు డాలర్ల నోట్లు రెండు ముందురోజే సమకూర్చుకోవాలి. అక్కడ ఏ కిరాణా దుకాణంలోనైనా ఒక 20 డాలర్ల నోటు ఇచ్చి చిన్న వస్తువు కొంటే ఈ చిల్లర సులభంగా దొరుకుతుంది. నా మొదటి ప్రయాణంలో నేను ఈ జాగ్రత్త తీసుకోలేదు. మా నాలుగు పెట్టెలను పోర్టరు, ఒక పెద్దాయన, ఒక్కడే ఎత్తి బండిలో పెట్టాడు. నా పర్సులో ఉన్నవన్నీ పెద్ద నోట్లే. వెనుక కార్లు ఆగి ఉన్నాయి. ఏమీ ఇవ్వకుండానే లోపలికి వెళ్లిపోయాము. ఆయన ముఖం చిట్లించలేదు, 'ప్రయాణం బాగా జరగాలి' అని చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఇప్పటికీ నాకు కళ్లలో మెదులుతూనే ఉంటుంది. ఈ పాఠం రాయడానికి అదే ప్రధాన కారణం.

ఇచ్చే విధానం ఇలా ఉండాలి. కారు దిగకముందే నోట్లను ఒక్క మడత పెట్టి చొక్కా జేబులోనో, చీర కట్టుకున్నవారైతే చేతిసంచి పై అరలోనో ఉంచుకోండి. పోర్టరు మెడలో గుర్తింపు కార్డు ఉన్నదో లేదో చూడండి. కార్డు లేని మనిషికి పెట్టె అప్పగించవద్దు. ఒకే రేవులో ఒకే రోజున రెండు మూడు ఓడలు ఉంటాయి కనుక, ట్యాగు మీది ఓడ పేరును అతనికి చూపించి, నోటితో కూడా చెప్పండి. ట్యాగు ఊడిపోయినా కంగారుపడనక్కరలేదు. పోర్టర్ల వద్ద ఖాళీ ట్యాగులు, స్టేప్లరు ఉంటాయి, కేబిన్ సంఖ్య చెబితే రాసి కడతారు. చివరి పెట్టె బండిలోకి చేరుతున్నప్పుడు, ఎత్తిన మనిషికే, కుడిచేత్తో, ముఖం చూసి 'థాంక్యూ' అని చెబుతూ నోట్లు అందించండి. తరువాత ఇద్దామని లోపలికి వెళితే మళ్లీ బయటకు రావడం కుదరదు.

కుటుంబంగా వెళ్లేవారు ఎవరు ఇవ్వాలో ముందుగానే నిర్ణయించుకోవాలి. మన ఇళ్లలో జరిగేది అందరికీ తెలిసిందే. 'మామా, మీరుండండి, నేనిస్తాను' అని అల్లుడు, 'లేదు నాయనా, నా దగ్గర ఉంది' అని మామ, ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటారు. పెళ్లింట్లో అయితే అది మర్యాద. రేవులో మాత్రం ఆ పోర్టరు అంతసేపూ ఎదురుచూస్తూ నిలబడవలసి వస్తుంది. పెట్టెలన్నీ కలిపి లెక్క కట్టి ఒక్కరే ఇవ్వాలి.

టిప్పు ఇవ్వకపోతే పెట్టె ఓడకు చేరదన్న భయం కొందరిలో ఉంది. ఆ భయంతో ఇవ్వవద్దు. అలాగే, ఎక్కువ ఇస్తే పెట్టె త్వరగా వస్తుందని కూడా అనుకోవద్దు. పెట్టె ఆలస్యమైతే కారణం చాలాసార్లు అందులోనే ఉంటుంది. మనవారు సర్దే చిన్న రైస్ కుక్కరు, ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే కాయిలు, పూజ కోసం పెట్టుకునే అగరొత్తులు, మంట పెట్టే వస్తువులు ఏవైనా ఓడలో నిషిద్ధం. ఎక్స్‌రేలో అవి కనబడితే పెట్టెను ఆపి, మనల్ని పిలిచి తెరిపిస్తారు. పోర్టరుకు దీనితో సంబంధం లేదు. ఏ కారణమూ లేకపోయినా రాత్రి భోజనం వేళ వరకు పెట్టె రాకపోవచ్చు కనుక పాస్‌పోర్టులు, రక్తపోటు, చక్కెర వ్యాధి మాత్రలు, కళ్లద్దాలు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి.

ఈ ఆచారం అన్ని దేశాలలో ఒకటి కాదు. జపాన్ రేవులలో టిప్పు ఇవ్వబోతే అవతలివారు ఇబ్బంది పడతారు; అక్కడ తల వంచి కృతజ్ఞత తెలిపితే చాలు. సింగపూరులోను టిప్పు వాడుక లేదు.

అభ్యాసం 1: ఈసారి తిరుపతి స్టేషనుకు వెళ్లినప్పుడు పోర్టరు రేట్ల బోర్డును వెతికి చదవండి. మీ సామానుకు ఎంత కూలి అవుతుందో లెక్కించి, అతనికి ఇవ్వవలసిన మొత్తాన్ని ముందే చేతిలో సిద్ధం చేసుకుని, బండి కదిలే హడావిడిలో పర్సు వెతుక్కోకుండా ఇవ్వడం సాధన చేయండి.

అభ్యాసం 2: అల్లుడు, కూతురు, ఇద్దరు పిల్లలు, మీరిద్దరు కలిసి గాల్వెస్టన్‌లో ఓడ ఎక్కుతున్నారు. మామూలు పెట్టెలు నాలుగు, 23 కిలోల పెట్టె ఒకటి. ఎంత ఇవ్వాలి, ఏ నోట్లతో? (జవాబు: 11 డాలర్లు, ఐదు డాలర్ల నోట్లు రెండు, ఒక డాలరు నోటు ఒకటి.)

అభ్యాసం 3: తిరుగు ప్రయాణానికి ముందు రాత్రి, కొత్త ట్యాగులు కట్టిన పెట్టెలను కేబిన్ తలుపు బయట పెడతాము, మరునాడు ఉదయం అవి టెర్మినల్‌లో సంఖ్యల వారీగా వరుసల్లో ఉంటాయి. అక్కడి నుండి కస్టమ్స్ దాటించి కారు వరకు చేర్చే పోర్టరు వేరే మనిషి, అతనికి వేరుగా ఇవ్వాలి. వారం రోజుల ప్రయాణంలో చిన్న నోట్లన్నీ ఖర్చయిపోతాయి కనుక, ఈ చివరి రోజు డబ్బును ఇప్పుడే లెక్కించి, ఒక కవరులో పెట్టి, దాని మీద 'దిగే రోజు' అని రాసి, పాస్‌పోర్టుల సంచిలో ఉంచండి.