షీట్ ఏపీఐ ఎర్రర్ ఇస్తే కోడ్ తర్వాత, మెసేజ్ ముందు

మా టీమ్‌లో ఎవరి స్క్రిప్ట్ ఆగినా స్క్రీన్‌షాట్ నాకే వస్తుంది. అందులో 403 అనో 404 అనో ఎర్రర్ కోడ్ ఉంటుంది, అంతే. రెస్పాన్స్ బాడీ, అంటే సర్వర్ పంపిన జవాబు, మొత్తం పంపమని అడుగుతాను. గూగుల్ షీట్స్, డ్రైవ్ ఏపీఐలు (స్క్రిప్ట్‌లు షీట్లనీ ఫైళ్లనీ అందుకునే దారులు) అసలు కారణాన్ని అందులోనే రాస్తాయి. 403 ఒక్కటే తీసుకోండి: ప్రాజెక్టులో ఏపీఐ ఎనేబుల్ చేయకపోయినా, టోకెన్‌కి (స్క్రిప్ట్ చూపించే తాత్కాలిక పాస్‌కి) సరిపడా స్కోప్, అంటే ఏమేం చేయొచ్చనే అనుమతి, లేకపోయినా, షీట్ షేర్ చేయకపోయినా అదే నంబరు వస్తుంది. మూడింటికీ మందు వేరు.

అందరినీ ఎక్కువ తిప్పలు పెట్టేది డ్రైవ్ ఇచ్చే 404. ఫోల్డర్ బ్రౌజర్‌లో ఎదురుగా కనిపిస్తుంటుంది, ఏపీఐ మాత్రం లేదంటుంది. చూసే అనుమతి లేని ఫైల్‌ని కూడా డ్రైవ్ 'లేదు' అనే చెబుతుంది. స్క్రిప్ట్ లాగిన్ అయ్యే సర్వీస్ అకౌంట్ అంటే మీరు కాదు, అది వేరే యూజర్. దాని ఈమెయిల్‌ని కాపీ చేసి, ఫోల్డర్‌ని ఆ అడ్రస్‌కి షేర్ చేయండి. లోపలి ఫైళ్లకూ ఆ అనుమతి వర్తిస్తుంది. షేర్డ్ డ్రైవ్ అయితే రిక్వెస్ట్‌లో 'సపోర్ట్స్ ఆల్ డ్రైవ్స్' ట్రూ అని కూడా పెట్టాలి. అప్పటికీ రాకపోతే ఐడీ చూడండి. షీట్ లింక్‌లో 'డి' స్లాష్ తర్వాత ఉండేదే ఫైల్ ఐడీ. చివర్లో కనిపించే జీఐడీ ఒక ట్యాబ్ నంబరు మాత్రమే.

రేంజ్ (ట్యాబ్ పేరు, సెల్స్ కలిపి రాసే చిరునామా) అర్థం కాలేదంటూ 400 వస్తే దాదాపు ఎప్పుడూ ట్యాబ్ పేరు దగ్గరే తేడా ఉంటుంది. పేరు చివర ఒక స్పేస్ ఉన్నా కంటికి ఆనదు. అందుకే పేరు చేత్తో టైప్ చేయను. ముందు స్ప్రెడ్‌షీట్ వివరాలు తెప్పించి, అందులో వచ్చిన టైటిల్‌నే వాడతాను. మధ్యలో స్పేస్ ఉన్న పేరుని సింగిల్ కోట్స్‌లో పెట్టాలి. ఈ డాక్యుమెంట్‌కి ఈ పని కుదరదని మెసేజ్ వస్తే, అది ఎక్సెల్ ఫైల్‌గానే ఉండిపోయిందేమో చూడండి. గూగుల్ షీట్‌గా సేవ్ చేసి, అలా వచ్చిన కొత్త ఫైల్ ఐడీ వాడండి.

401 అంటే సాధారణంగా టోకెన్ గడువు అయిపోయినట్టు. యాక్సెస్ టోకెన్ మామూలుగా గంటే పనిచేస్తుంది, రిఫ్రెష్ చేయండి.

429 అంటే రిక్వెస్ట్‌లు పరిమితి దాటాయని, దానికి టెన్షన్ పడొద్దు. మామూలు పరిమితి ఒక యూజర్‌కి నిమిషానికి 60 రీడ్‌లు. సెల్ తర్వాత సెల్ అడిగితే ఇట్టే దాటిపోతుంది. బ్యాచ్‌గెట్‌తో అన్ని రేంజ్‌లూ ఒకేసారి తెచ్చుకోండి. మళ్లీ ప్రయత్నించేటప్పుడు 1 సెకను, 2, 4 అలా ఆగుతూ వెళ్లండి.

నాకు వీటన్నిటికన్నా భయం వేసేది 200 (అంతా సరే అనే కోడ్) వచ్చినా డేటా తగ్గినప్పుడు. ఫోల్డర్ లిస్ట్ అడిగితే డ్రైవ్ మామూలుగా ఒక పేజీకి 100 ఫైళ్ల వరకే ఇస్తుంది. 'నెక్స్ట్ పేజ్ టోకెన్' వస్తున్నంతసేపూ అడుగుతూనే ఉండాలి. షీట్‌లోనూ వరుస చివరి ఖాళీ సెల్స్ రెస్పాన్స్‌లో రావు. ప్రతి వరుసనీ మీకు కావలసిన పొడవుకి ఖాళీలతో నింపుకున్నాకే కాలమ్ నంబరుతో చదవండి.