ఎండ్‌గేమ్‌లో ఇంజిన్ అంకె తేడాగా ఉంటే ఏం చూడాలి

చెస్ ఎత్తులు లెక్కేసే ప్రోగ్రామ్ (ఇంజిన్) స్టాక్‌ఫిష్ ఏ పొజిషన్‌కైనా ఎవరిది ఎంత పైచేయో ఒకే ధీమాతో అంకె చెప్పేస్తుంది, తప్పు చెప్పినా సరే. అది చివరిదాకా లెక్కేసిన అంకెనా, ఊరికే అంచనానా, టేబుల్‌బేస్‌లోంచి (కొద్ది పావులే మిగిలిన పొజిషన్ల ఫలితాలు ముందే లెక్కేసి పెట్టిన ఫైళ్లు) తీసిందా అన్నది తేలితే సగం సమస్య తీరినట్టే.

సమస్య: +5 చూపిస్తోంది, గంట గడిచినా గెలుపు దారి రావట్లేదు

బంటులన్నీ ఎదురెదురుగా ఇరుక్కుని బోర్డు మూసుకుపోయింది, మనకి ఒక రూక్ ఎక్కువే కానీ దూరడానికి ఒక్క ఫైల్ (నిలువు వరుస) కూడా తెరిచి లేదు. మనిషైతే చూడగానే "ఇది కోట, ఏం చేయలేం" అంటాడు. ఇంజిన్ మాత్రం ఎక్కువున్న రూక్‌ని చూసి మురిసిపోతుంది, డ్రా అని తేలేంత లోతుకి దాని వెతుకులాట వెళ్లదు కదా.

డెప్త్ (ఎన్ని ఎత్తుల లోతుకి వెతికిందో చెప్పే అంకె) 50 వచ్చేదాకా చూస్తూ కూర్చోవడం దండగ. అది చెప్పిన ఎత్తుల్నే ఓ పదిహేను దాకా బోర్డు మీద ఆడించండి. రాజు అటూ ఇటూ తిరగడం తప్ప ఏమీ జరగక, అంకె మెల్లగా సున్నా వైపు జారుతుంటే అది కోటే (బంటు కదలకుండా, ఏదీ కొట్టకుండా ఎత్తులు గడిచేకొద్దీ స్టాక్‌ఫిష్ తన అంచనాని తగ్గించుకుంటూ వస్తుంది). కోట బద్దలయ్యే ఛాన్స్ ఉందనిపిస్తే ఆ త్యాగం మీరే ఆడించి, కాసేపు ఆలోచించనిచ్చి, ఒక్కో ఎత్తూ వెనక్కి రండి. హాష్ (ఇంజిన్ తను లెక్కేసింది దాచుకునే మెమరీ) క్లియర్ చేయకండి, ముందుకెళ్లి కనుక్కున్నది అందులోనే ఉంటుంది.

సమస్య: మామూలు ఎత్తుతో గెలిచే చోట ఇంజిన్ దాన్ని చాలాసేపు పట్టించుకోలేదు

తెల్ల రాజు ఎఫ్5, బంటు ఈ4. నల్ల రాజు డీ4, బంటు ఈ5. ఇక్కడ ఎవరి వంతైతే వాళ్లు ఓడిపోతారు, ఎందుకంటే రాజు కదిలితే బంటు పోతుంది. దీన్నే జుగ్జ్వాంగ్ అంటారు. ఇంజిన్లు వేగం కోసం నల్ మూవ్ అనే కిటుకు వాడతాయి: నా వంతు వదిలేసినా నాదే పైచేయి అయితే ఈ కొమ్మలో ఇంకా వెతకడం ఎందుకు అని వదిలేస్తాయి. జుగ్జ్వాంగ్‌లో వంతు వదిలేయడమే అన్నిటికంటే మంచి ఎత్తు, కాబట్టి ఆ లెక్క తప్పుతుంది. వంతు ఉన్నవాళ్ల దగ్గర రాజు, బంటులే మిగిలితే స్టాక్‌ఫిష్ ఈ కిటుకు వాడదు. రూకో గుర్రమో ఉన్నప్పుడే తంటా.

అదే పొజిషన్‌ని వంతు మార్చి మళ్లీ పెట్టి చూడండి. ఎవరి వంతైతే వాళ్లకే నష్టంగా అంకె వస్తే జుగ్జ్వాంగ్ దొరికినట్టే, ఆ ఎత్తుని చేత్తో ఆడించి టైమ్ ఇవ్వండి.

సమస్య: వంద దాటిన అంకె చూపిస్తూ తిరుగుతోంది, మేట్ చెప్పదు

ఇది తప్పు కాదు. సిజిజీ అనే రకం టేబుల్‌బేస్ గెలుపా డ్రానా అన్నదీ, తర్వాతి బంటు ఎత్తు లేదా కొట్టుడుకి ఎంత దూరమన్నదీ చెప్తుంది, మేట్‌కి ఎన్ని ఎత్తులో దానికి తెలీదు.

టేబుల్‌బేస్ పెట్టినా పనిచేయకపోతే పాత్ (ఆ ఫైళ్లు ఏ ఫోల్డర్లలో ఉన్నాయో ఇంజిన్‌కి చెప్పే సెట్టింగ్) చూడండి. ఫోల్డర్ల మధ్య విండోస్‌లో సెమీకోలన్, లైనక్స్‌లో కోలన్ పెట్టాలి. ఆరు పావుల ఫైళ్లు మాత్రమే దించుకుని ఐదు, అంతకంటే తక్కువ పావులవి వదిలేస్తే కుదరదు, ఒకటి కొట్టగానే ఇంజిన్ వెతికేది వాటినే. ఐదు పావుల దాకా 1 జీబీ లోపే, ఆరుకి మొత్తం 150 జీబీ, ఏడుకి 18 టీబీ దాటుతుంది కాబట్టి ఏడింటికి ఆన్‌లైన్‌లో చూసుకోవడమే నయం.

సమస్య: గెలుపన్నది, తీరా గేమ్ డ్రా అయింది

నేను పదే పదే బోల్తాపడ్డది ఇక్కడే. గేమ్ మధ్యలోంచి ఎఫ్ఈఎన్ (పొజిషన్‌ని ఒక్క లైన్లో రాసే పద్ధతి) కాపీ చేసి పెట్టినప్పుడు 50 ఎత్తుల లెక్క (బంటు కదలకుండా, ఏదీ కొట్టకుండా 50 ఎత్తులు గడిస్తే డ్రా అడగొచ్చు) సున్నాగా వచ్చేస్తే, అప్పటికే 38 ఎత్తులు వృథాగా గడిచాయని పాపం ఇంజిన్‌కి తెలీదు. ఒక గుర్రం మీద రెండు బిషప్‌ల ఎండింగ్‌లో ఆ గుర్రాన్ని పట్టడానికే 66 ఎత్తుల దాకా పట్టే పొజిషన్లున్నాయి, అలాంటి చోట ఈ లెక్కే ఫలితాన్ని మార్చేస్తుంది. ఎఫ్ఈఎన్‌లో ఐదో భాగం చూడండి. ఒక్కో వైపు ఎత్తుని విడిగా లెక్కపెడుతుంది కాబట్టి 38 ఎత్తులు గడిస్తే అక్కడ 76 ఉండాలి. లేకపోతే గేమ్ మొత్తాన్నీ మొదటి నుంచి లోడ్ చేయండి.