ఏడాది పొడవునా వేధించే ముక్కు అలర్జీని అదుపులో పెట్టుకోవడం ఎలా?

నిద్ర లేవగానే ఆగకుండా వచ్చే తుమ్ములు, ఆ తర్వాత గంటసేపు నీళ్లలా కారే ముక్కు, రాత్రి పడుకోగానే ఒక పక్క మూసుకుపోయి నోటితో గాలి పీల్చుకోవలసిన అవస్థ వారాల తరబడి సాగుతుంటే, దాన్ని జలుబు అనుకుని సరిపెట్టుకోవడం మంచిది కాదు. వైరస్ వల్ల వచ్చే జలుబు సాధారణంగా 7 నుంచి 10 రోజుల్లో తగ్గిపోతుంది. అలర్జీ లక్షణాలు వారానికి 4 రోజులకు మించి, వరసగా 4 వారాలకు మించి ఉంటే వైద్యులు దాన్ని విడవకుండా ఉండే రకం కింద లెక్కిస్తారు. ఇటువంటి ముక్కుకు బాధ ముదిరిన రోజున వేసుకునే మాత్ర కంటే, బాధ లేని రోజున కూడా మానకుండా పాటించే పద్ధతే ఎక్కువ మేలు చేస్తుంది. ఆ పద్ధతిని ఏ వరసలో అలవాటు చేసుకోవాలో కింద చూడండి.

1. అలర్జీయా, ఘాటు పడకపోవడమా అన్నది ముందు తేల్చుకోండి

ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి గాని లోపల జరిగేది వేరు. అలర్జీలో శరీరం పుప్పొడి, దుమ్ములోని పురుగుల వ్యర్థాలు వంటి హాని చేయని పదార్థాలను శత్రువులుగా భావించి, వాటికి విరుగుడుగా ఐజీఈ అనే ప్రతిరక్షకాన్ని తయారుచేసుకుంటుంది. అది ముక్కు లోపలి పొరలో ఉన్న మాస్ట్ కణాలను అంటిపెట్టుకుని ఉంటుంది. అదే పదార్థం మళ్లీ తగిలినప్పుడు ఆ కణాలు కొద్ది నిమిషాల్లోనే హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేయడంతో దురద, తుమ్ములు, నీరు కారడం మొదలవుతాయి. కథ అక్కడితో అయిపోదు. 4 నుంచి 8 గంటల తర్వాత మరికొన్ని రకాల కణాలు అక్కడికి చేరి వాపును పెంచుతాయి కాబట్టి, మధ్యాహ్నం అటక దులిపినవారికి రాత్రి ముక్కు దిబ్బడ వేయవచ్చు. రెండింటికీ సంబంధం ఉందన్న సంగతి చాలామందికి తట్టదు.

ఘాటు పడకపోవడంలో ఐజీఈ ప్రమేయం ఉండదు. సెంటు, పొగాకు పొగ, పెయింటు వాసన, చల్లగాలి, వాతావరణంలో తేమ ఒక్కసారిగా మారడం వంటివాటికి ముక్కులోని నరాలు, రక్తనాళాలు అతిగా స్పందించడమే దీనికి కారణం. ఇందులో కళ్ల దురద, ముక్కు దురద తక్కువ. దిబ్బడ, గొంతులోకి కఫం జారడం ఎక్కువ. అలర్జీ సాధారణంగా చిన్నతనంలోనో యౌవనంలోనో మొదలైతే, ఇది ఎక్కువగా పెద్దవయసులో బయటపడుతుంది. చాలామందికి రెండూ కలిసే ఉంటాయి, ఎందుకంటే అలర్జీతో అప్పటికే వాచి ఉన్న ముక్కుకు కొద్దిపాటి పొగ కూడా భరించరానిదవుతుంది. కొన్ని రక్తపోటు మాత్రలు, ఆస్పిరిన్ జాతి నొప్పి మాత్రలు, గర్భధారణ వల్ల కూడా ముక్కు మూసుకుపోవచ్చు కనుక ఆ విషయాన్ని కూడా గమనించుకోవాలి.

2. రెండు మూడు వారాలు రాసి పెట్టుకోండి

ఎప్పుడు తుమ్ములు వచ్చాయి, అంతకుముందు ఎక్కడ ఉన్నారు, ఏం చేశారు, ఇంట్లో ఎక్కువా బయట ఎక్కువా, కళ్లు దురద పెట్టాయా లేదా అన్నవి రోజూ రెండు మూడు వాక్యాల్లో రాయండి. పైన చెప్పిన ఆలస్య ప్రభావం వల్ల, లక్షణం కనిపించిన క్షణాన్నే కాకుండా దానికి ముందు గడిచిన ఎనిమిది గంటలనూ గుర్తుకు తెచ్చుకుని రాయడం అవసరం.

3. పడకగదిని బాగుచేసుకోండి

ఇల్లంతా ఒకేసారి మార్చాలని మొదలుపెట్టినవారు సగంలో విసిగి వదిలేస్తారు. రోజులో మూడో వంతు గడిపే చోటు పడకగది కాబట్టి శ్రమంతా ముందు అక్కడే పెట్టాలి. పరుపుల్లో, దిండ్లలో ఉండే దుమ్ము పురుగులు మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు; మన చర్మం నుంచి రాలే పొలుసులను తిని బతుకుతాయి. అవి నీరు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుంటాయి. గదిలో తేమ 50 శాతానికి లోపు ఉంటే వాటికి గడవదు, బూజు కూడా తగ్గుతుంది. అలర్జీ కలిగించేది ప్రధానంగా వాటి విసర్జన. దుప్పటి దులిపినప్పుడు పైకి లేచేది అదే.

దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో ఉతకాలి. చల్లటి నీరు మురికిని వదిలిస్తుంది గాని పురుగులను చంపదు. పరుపుకూ దిండుకూ దుమ్ము చొరబడని జిప్పు తొడుగులు వేయాలి, అయితే ఆ తొడుగులు ఒక్కటే వేసి ఊరుకుంటే ప్రయోజనం పెద్దగా కనిపించదు. ఉతకడం, తేమ తగ్గించడం, తివాచీలు తీసేయడం అన్నీ కలిస్తేనే తేడా తెలుస్తుంది. పొడి చీపురుకు బదులు తడిగుడ్డతో తుడవడం మంచిది. వీలైతే ఆ పని అలర్జీ లేనివారికి అప్పగించి, అరగంట తర్వాత గదిలోకి వెళ్లండి.

గాలిని శుభ్రపరిచే యంత్రం కొనే ముందు అది దేనికి పనికొస్తుందో తెలుసుకోవాలి. హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం వరకు పట్టుకోగలదు కనుక పొగలోని రేణువులకు, పుప్పొడికి, జంతువుల చర్మపు పొలుసులకు ఉపకరిస్తుంది. దుమ్ము పురుగుల వ్యర్థాలు బరువైనవి, గాలిలో ఎక్కువసేపు తేలకుండా కిందికి దిగిపోతాయి కాబట్టి వాటి విషయంలో దానిపై పెద్దగా ఆశ పెట్టుకోకూడదు. వాసనలను, ఆవిరులను హెపా ఆపలేదు. అందుకు యాక్టివేటెడ్ కార్బన్ పొర ఉండాలి. ఓజోన్‌ను వెలువరించే యంత్రాలను మాత్రం దూరం పెట్టండి, ఎందుకంటే ఓజోన్ స్వయంగా ముక్కునూ ఊపిరితిత్తులనూ రేపుతుంది.

పిల్లి పడనివారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: దాని లాలాజలం, చర్మం నుంచి వచ్చే ప్రొటీను, పిల్లి ఇల్లు విడిచిన తర్వాత కూడా నెలల తరబడి సామాన్ల మీద నిలిచి ఉంటుంది.

4. బయట పుప్పొడి, లోపల ఘాటు

ముదురు రంగుల పూల పుప్పొడి కీటకాలకు అంటుకుని వెళ్తుంది కాబట్టి వాటి వల్ల బాధ తక్కువ. గడ్డి, కలుపు మొక్కలు, కొన్ని చెట్లు గాలిలోకి వదిలే తేలికపాటి పుప్పొడే అసలు కారణం. పొడిగా ఉండి గాలి వీచే రోజుల్లో కిటికీలు మూసి, బయటి నుంచి రాగానే బట్టలు మార్చి, ముఖం, జుట్టు కడుక్కోవాలి.

ఘాటు పడనివారికి అలర్జీ సూదులతో (వీటి గురించి చివర చూడండి) ఉపయోగం ఉండదు; తప్పించుకోవడమే ప్రధాన మార్గం. పరిమళం లేని సబ్బులు వాడండి. శుభ్రపరిచే ద్రావణాన్ని గాలిలోకి పిచికారీ చేయకుండా గుడ్డ మీద పోసి తుడవండి. బ్లీచును అమ్మోనియాతో గాని ఆమ్లంతో గాని ఎన్నడూ కలపకండి, ఆ కలయికలో విషవాయువులు పుడతాయి. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది గాని రసాయనాల ఆవిరిని ఆపదని కూడా తెలిసి ఉండాలి.

5. ఉప్పునీటితో ముక్కు కడగండి

240 మిల్లీలీటర్ల నీటిలో అర టీస్పూను అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు వంటసోడా కలపాలి. ఆ నీరు డిస్టిల్డ్ నీరు కావాలి, లేదా కనీసం ఒక నిమిషం తెర్లించి చల్లార్చినదై ఉండాలి. కుళాయి నీటిని నేరుగా వాడితే, అరుదుగానైనా, అందులో ఉండగల అమీబా ముక్కు ద్వారా మెదడును చేరి ప్రాణం తీయగలదు. తొట్టి మీదికి వంగి, తల పక్కకు తిప్పి, నోటితో గాలి పీల్చుతూ, పై వైపు ఉన్న రంధ్రంలో పోస్తే నీరు కింది రంధ్రం నుంచి బయటికి వస్తుంది. చెవిలో ఒత్తిడి అనిపిస్తే వేగం తగ్గించండి. వాడిన పాత్రను ప్రతిసారీ కడిగి ఆరబెట్టాలి.

6. స్టెరాయిడ్ స్ప్రేను సరైన తీరులో వాడండి

రోజువారీ జీవితాన్ని ఇబ్బంది పెట్టే అలర్జీకి వైద్యులు సాధారణంగా ముందుగా సూచించేది ఫ్లూటికసోన్, మోమెటసోన్, బుడెసోనైడ్ వంటి ముక్కు స్ప్రేలనే. స్టెరాయిడ్ అన్న పేరు విని భయపడేవారు ఎందరో ఉన్నారు. వీటి మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, రక్తంలోకి చేరేది చాలా స్వల్పం. ‘వాడాను, పని చేయలేదు’ అనేవారిలో చాలామంది మూడు నాలుగు రోజులకే మానేసినవారు, లేదా స్ప్రేను తప్పు దిశలో కొట్టుకున్నవారు. పూర్తి ఫలితం కనిపించడానికి రెండు వారాల వరకు పట్టవచ్చు.

ముందు ముక్కు కడిగి, సీసాను కుదపండి. తలను వెనక్కి వాల్చకుండా కొంచెం ముందుకు వంచండి. కుడి రంధ్రానికి ఎడమ చేతిని, ఎడమ రంధ్రానికి కుడి చేతిని వాడితే మొన దానంతటదే బయటి వైపుకు, అంటే అదే పక్క కంటి చివర వైపుకు తిరుగుతుంది. రెండు రంధ్రాల మధ్య ఉన్న గోడ మీద మందు పడితే అక్కడ పొర ఎండి రక్తం కారవచ్చు. నొక్కేటప్పుడు మెల్లగా గాలి పీల్చండి. గట్టిగా ఎగపీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది. గొంతులో చేదు తగిలిందంటే అలా జరిగిందనుకోవచ్చు. పిల్లలకు, గర్భిణులకు ఏ స్ప్రే, ఎంత మోతాదు అన్నది వైద్యులే నిర్ణయించాలి.

7. మాత్రల విషయంలో జాగ్రత్తలు

సెటిరిజిన్, లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ వంటి యాంటీహిస్టమిన్‌లు తుమ్ములను, దురదను బాగా తగ్గిస్తాయి, దిబ్బడను అంతగా తగ్గించవు. ఘాటు వల్ల వచ్చే బాధలో హిస్టమిన్ పాత్ర లేనందున అక్కడ అవి సరిగా పని చేయవు. అజెలాస్టిన్ అనే యాంటీహిస్టమిన్ ముక్కు స్ప్రే మాత్రం రెండు రకాలకూ ఉపయోగపడుతుంది. ఫెక్సోఫెనడిన్‌ను పళ్లరసంతో కాకుండా మంచినీళ్లతో వేసుకోవాలి. క్లోర్ ఫెనిరమిన్ వంటి పాత మందులు మత్తు కలిగిస్తాయి కనుక వాహనం నడిపేవారికి తగవు.

ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు నిమిషాల్లో ముక్కు తెరిపిస్తాయి. ఆ సుఖమే ప్రమాదం. మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడితే మందు ప్రభావం తగ్గగానే ముక్కు మునుపటి కంటే గట్టిగా మూసుకుపోయి, చుక్కలు లేనిదే గాలి ఆడని స్థితి వస్తుంది.

8. వైద్యుల దగ్గరికి ఎప్పుడు, ఎందుకు

ఎప్పుడూ ఒకే పక్క దిబ్బడ, రక్తం కలిసిన స్రావం, ముఖంలో నొప్పి, వాసన తెలియకపోవడం, వంగినప్పుడు ఒక రంధ్రం నుంచే స్వచ్ఛమైన నీరు కారడం వంటివి ఉంటే అలర్జీ అనుకుని ఇంట్లో కూర్చోకూడదు. ఛాతీలో పిల్లికూతలు, రాత్రి దగ్గు ఉంటే ఉబ్బసానికి కూడా పరీక్ష చేయించుకోవాలి.

అనుమానమున్న పదార్థపు చుక్క వేసి చర్మం మీద సూదితో పొడిచి చేసే ప్రిక్ పరీక్ష ఫలితం 15 నుంచి 20 నిమిషాల్లో తెలుస్తుంది. దానికి కొన్ని రోజుల ముందే యాంటీహిస్టమిన్‌లు ఆపవలసి ఉంటుంది కాబట్టి ఎప్పటి నుంచి ఆపాలో ముందే అడగండి. పరీక్షలో ఒక పదార్థానికి చర్మం పొంగినంత మాత్రాన అదే మీ బాధకు కారణమని చెప్పలేము. మీరు రాసిపెట్టుకున్న వివరాలతో అది సరిపోలాలి.

కారణం ఖాయంగా తేలి, మందులతో తగినంత మెరుగు కనిపించనప్పుడు ఇమ్యునోథెరపీని పరిశీలించవచ్చు. 1911లో బ్రిటిష్ వైద్యుడు లియొనార్డ్ నూన్ పుప్పొడి సారంతో ప్రచురించిన ప్రయోగం నుంచి ఎదిగిన ఈ చికిత్సలో, పడని పదార్థాన్నే అతి కొద్ది మోతాదులతో సూదుల ద్వారా గాని నాలుక కింద ఉంచే మందు ద్వారా గాని ఇస్తారు. ఇది 3 నుంచి 5 సంవత్సరాలు సాగుతుంది, మానేసిన తర్వాత కూడా ప్రయోజనం కొనసాగుతుంది. సూది వేసిన ప్రతిసారీ తీవ్రమైన ప్రతిచర్య వస్తే వెంటనే వైద్యం అందేందుకు అరగంట అక్కడే ఉండాలి. ఉబ్బసం అదుపులో లేనివారికి ఈ చికిత్స మొదలుపెట్టరు కనుక అటువంటివారు ముందుగా ఉబ్బసానికి వైద్యం తీసుకోవాలి.