ముట్టుకోని ఉదాహరణ కోడ్ ఎందుకు పాడవుతుంది: లక్షణం, కారణం, పరిష్కారం

ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏదైనా సరే, సోర్స్‌లో ఓ మూల ఉదాహరణ కోడ్ ఉంటుంది. లైనక్స్ కర్నెల్‌లో దానికి శాంపుల్స్ అనే డైరెక్టరీ ఉంది. ఫ్రీబీఎస్‌డీలో షేర్ కింద ఎగ్జాంపుల్స్‌లో ఉంటుంది. డెబియన్‌లో చాలా ప్యాకేజీలు డాక్యుమెంటేషన్ పక్కనే పెడతాయి. చిన్న చిన్న సిస్టమ్ యుటిలిటీల పరిస్థితీ ఇంతే: ఎప్పుడో రాసి పెట్టారు, నడుస్తోంది కదా అని ఎవరూ తెరవరు.

అందుకే "నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ బిల్డ్ కావట్లేదు" అని బగ్ రిపోర్ట్ వచ్చినప్పుడు ఆ ఫైల్‌లో ఏం మారిందో వెతికితే లాభం ఉండదు. ఏళ్ల తరబడి ఏమీ మారి ఉండదు. దాని చుట్టూ ఉన్న కంపైలర్, లైబ్రరీ, షెల్, ప్రాసెసర్‌లలో ఏదో మారి ఉంటుంది. ఏది మారిందో లక్షణమే చాలావరకు చెప్పేస్తుంది.

లింకర్ (కంపైలైన ముక్కలను ఒక్క ప్రోగ్రామ్‌గా అతికించేది) "మల్టిపుల్ డెఫినిషన్" అంటోంది

గ్నూ వాళ్ల సీ కంపైలర్ జీసీసీ 10 నుంచి, అంటే 2020 నుంచి, ఇది బాగా కనిపిస్తోంది. హెడర్ ఫైల్‌లో ఎవరో ఎక్స్‌టర్న్ (అసలుది వేరే చోట ఉందని అర్థం) అనే మాట లేకుండా "ఇంట్ డీబగ్;" అని రాసి ఉంటారు. ఆ హెడర్‌ను మూడు సీ ఫైళ్లు వాడుకుంటే మూడు డీబగ్‌లు తయారవుతాయి. పాత జీసీసీ వాటిని కామన్ అనే ఉమ్మడి సంచీలో వేసేది, లింకర్ ఒకటిగా కలిపేసేది. కొత్తది అలా కలపదు.

హెడర్‌లో ఎక్స్‌టర్న్ పెట్టి, అసలు డెఫినిషన్ ఒక్క సీ ఫైల్‌లో ఉంచండి. పాత పద్ధతిని వెనక్కి తెచ్చే ఫ్లాగ్ ఒకటి ఉంది. దాన్ని బిల్డ్ సూచనలుండే మేక్‌ఫైల్‌లో పడేస్తే నిమిషంలో పని అయిపోతుంది, కానీ ఉదాహరణ కోడ్‌లో ఆ పని చేయకండి. చదివేవాళ్లు మీ సీ ఫైల్‌తో పాటు మేక్‌ఫైల్‌నూ కాపీ కొట్టుకుంటారు.

"ఇంప్లిసిట్ డిక్లరేషన్" నిన్న వార్నింగ్, ఇవాళ ఎర్రర్

ఇది 2024లో వచ్చిన జీసీసీ 14 పని. ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడాన్ని సీ99 ప్రమాణమే తీసేసింది. జీసీసీ ఇన్నాళ్లూ వార్నింగ్‌తో సరిపెట్టి, ఇప్పుడు గట్టిగా పట్టుకుంది. అది చాదస్తం అనిపించవచ్చు, కాదు. హెడర్ లేకుండా, పాయింటర్ (మెమరీ చిరునామా) ఇచ్చే మన ఫంక్షన్ ఒకదాన్ని పిలిస్తే, ఈ ఎర్రర్ లేని కాలంలో, తెలియని ఫంక్షన్ ఇంట్ తిరిగి ఇస్తుందని కంపైలర్ అనుకునేది. 64-బిట్ మెషీన్‌లో పాయింటర్ పై సగం ఎగిరిపోయేది.

ఆ ఫంక్షన్ మాన్ పేజీ తెరిస్తే ఏ హెడర్ కావాలో సినాప్సిస్‌లోనే ఉంటుంది. హెడర్ పెట్టినా ఎర్రర్ పోలేదంటే, మీరు సీ99 మోడ్‌లో కంపైల్ చేస్తున్నారేమో చూడండి. ఆ మోడ్‌లో హెడర్ స్ట్ర్‌డప్ లాంటి పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణం) ఫంక్షన్లను దాచేస్తుంది. మొదటి హెడర్ కంటే ముందే పోసిక్స్ సోర్స్ మాక్రోను డిఫైన్ చేయాలి. తర్వాత చేస్తే ఫలితం ఉండదు.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది, ఎక్కువ టైమ్ తినేది అదే. బిల్డ్ బాగానే అవుతుంది, కానీ ఏదో ఒక ఫీచర్ మాయమై ఉంటుంది. బిల్డ్‌కు ముందు సిస్టమ్‌లో ఏమేం ఉన్నాయో చూసే కాన్ఫిగర్ స్క్రిప్ట్‌లోని పరీక్ష ప్రోగ్రామ్ హెడర్ లేకుండా, మెయిన్‌కు టైప్ లేకుండా రాసి ఉంటే కొత్త జీసీసీలో అది కంపైలే కాదు. స్క్రిప్ట్ మాత్రం "ఈ సిస్టమ్‌లో ఆ ఫంక్షన్ లేదు కాబోలు" అనుకుని ముందుకు పోతుంది. తెర మీద ఏ ఎర్రరూ రాదు. పాత కంపైలర్‌తో ఒకసారి, కొత్తదానితో ఒకసారి కాన్ఫిగర్ నడిపి రెండు లాగ్ ఫైళ్లనూ డిఫ్ తీయండి. "ఎస్" అని ఉన్నది "నో" అయిన లైను దొరుకుతుంది.

మేజర్, మైనర్ అనే డివైస్ నంబర్ మాక్రోలు దొరకడం లేదంటే కారణం వేరు. 2018లో వచ్చిన జీలిబ్‌సీ (గ్నూ సీ లైబ్రరీ) 2.28 నుంచి టైప్స్ హెడర్ వాటిని తనతో తీసుకురావడం మానేసింది. సిస్‌మాక్రోస్ హెడర్‌ను విడిగా చేర్చితే సరి.

ఎక్స్86లో నడుస్తుంది, ఆర్మ్‌లో ఆగనే ఆగదు

నేను రాసుకున్న ఒక చిన్న లైన్ల లెక్కింపు యుటిలిటీ నాకు ఒక సాయంత్రం మొత్తం తినేసింది. ఆర్మ్ బోర్డు మీద ఇన్‌పుట్ అయిపోయినా ప్రోగ్రామ్ ముగియదు, సీపీయూ నూటికి నూరు శాతం. పైప్‌ను అనుమానించాను, టెర్మినల్‌ను అనుమానించాను, చివరికి బోర్డునే అనుమానించాను. జీడీబీ అనే డీబగ్గర్ పెట్టి చూస్తే వేరియబుల్ విలువ 255. ఇన్‌పుట్ ముగిసినప్పుడు అది మైనస్ ఒకటి కావాలి.

ఒక్కో అక్షరాన్ని చదివే గెట్‌చార్ ఇచ్చిన విలువను నేను చార్ వేరియబుల్‌లో పెట్టుకున్నాను. లైనక్స్‌లో ఎక్స్86 మీద చార్‌కు ప్లస్, మైనస్ గుర్తు ఉంటుంది, ఆర్మ్ మీద ఉండదు. గుర్తు లేని చార్ ఎప్పటికీ మైనస్ ఒకటి కాలేదు, కాబట్టి ఫైల్ ముగిసిందన్న సంగతి లూప్‌కు తెలియదు. పైగా ఎక్స్86లో సరిగ్గా నడుస్తోందన్నది కూడా భ్రమే. ఇన్‌పుట్‌లో 255 విలువ ఉన్న బైట్ ఎదురైతే ఫైల్ అయిపోయిందనుకుని మధ్యలోనే ఆపేస్తుంది. ఇన్నాళ్లూ అలాంటి ఫైల్ తగల్లేదు, అంతే.

చార్‌ను ఇంట్ చేస్తే రెండూ పోతాయి. ఆర్మ్ బోర్డు చేతిలో లేకపోతే, చార్‌ను గుర్తు లేనిదిగా చూడమని జీసీసీకి చెప్పే ఫ్లాగ్ ఉంది. దానితో ఎక్స్86 మీదే టెస్టులన్నీ ఒకసారి నడిపితే ఇలాంటివి బయటపడతాయి.

డిస్క్ నిండినా యుటిలిటీ "విజయం" అంటోంది

వెంటనే పరీక్షించవచ్చు. మీ యుటిలిటీ అవుట్‌పుట్‌ను డెవ్ కింద ఉండే ఫుల్ అనే డివైస్‌కు మళ్లించండి. అందులోకి ఏం రాయబోయినా "జాగా లేదు" అనే ఎర్రర్ వస్తుంది. ఆ తర్వాత ఎగ్జిట్ కోడ్ చూడండి. సున్నా, అంటే "విజయం", వచ్చిందంటే బగ్ ఉన్నట్టే.

ప్రింట్‌ఎఫ్ రాసేది నేరుగా డిస్క్‌లోకి కాదు, ముందు మెమరీలోని బఫర్‌లోకి. అక్కడ జాగా ఉంటుంది కాబట్టి ప్రింట్‌ఎఫ్ సంతోషంగా సరే అంటుంది. అసలు రాత ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు జరుగుతుంది. అప్పుడు వచ్చిన ఎర్రర్‌ను చూసేవాళ్లు ఎవరూ ఉండరు, మెయిన్ అప్పటికే సున్నా ఇచ్చేసి వెళ్లిపోయింది. దీన్ని నమ్ముకుని ఒక బ్యాకప్ స్క్రిప్ట్ "కాపీ అయింది కదా" అని పాతది తుడిచేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. మెయిన్ చివర స్టాండర్డ్ అవుట్‌పుట్‌ను మీరే ఎఫ్‌క్లోజ్ చేసి, అంతకుముందు ఎర్రర్ జెండా లేచిందేమో, క్లోజ్ విఫలమైందేమో రెండూ చూడండి. విఫలమైతే మెసేజ్ ఇచ్చి సున్నా కాని కోడ్‌తో బయటికి రండి. గ్నూ కోర్‌యుటిల్స్‌లోని కమాండ్లు చేసేది ఇదే.

షెల్ స్క్రిప్ట్ "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఆపరేటర్" అంటోంది

మొదటి లైన్లో ఎస్‌హెచ్ అని ఉంటుంది, లోపల రాసింది బ్యాష్. 2006లో ఉబుంటు 6.10 నుంచి, ఆ తర్వాత డెబియన్‌లోనూ, ఎస్‌హెచ్ అంటే డ్యాష్, బ్యాష్ సొంత హంగులు తెలియని చిన్న షెల్. చదరపు బ్రాకెట్లలో "==" బదులు "=" ఒక్కటే రాయండి. బ్యాష్ నిజంగానే కావాలంటే మొదటి లైన్లో ఎన్వ్ ద్వారా పిలవండి, ఎందుకంటే ఫ్రీబీఎస్‌డీలో బ్యాష్ బేస్ సిస్టమ్‌లో ఉండదు, పోర్ట్స్ నుంచి వచ్చి లోకల్ కింద కూర్చుంటుంది. సెడ్‌తో ఉన్న ఫైల్‌నే మార్చే ఆప్షన్ కూడా గ్నూలో ఒకలా, బీఎస్‌డీలో ఒకలా పనిచేస్తుంది. తాత్కాలిక ఫైల్‌లోకి రాసి పేరు మార్చడం ఎక్కడైనా నడుస్తుంది. స్క్రిప్ట్‌లో తప్పులు పట్టే షెల్‌చెక్ ఒకసారి నడిపితే సగం ఇవి తనే చూపిస్తుంది.

మేక్ ఒకసారి ఫెయిలవుతుంది, మళ్లీ కొడితే అయిపోతుంది

మళ్లీ కొట్టి వదిలేయకండి. సమాంతర బిల్డ్‌లో, ఇంకా తయారుకాని హెడర్‌ను ఏదో ఫైల్ ముందే అడుగుతోంది. మేక్‌ఫైల్‌లో ఆ డిపెండెన్సీ రాయలేదు. 2022లో వచ్చిన గ్నూ మేక్ 4.4లో షఫుల్ ఆప్షన్ ఉంది. అది టార్గెట్ల వరసను కావాలనే కలగాపులగం చేస్తుంది, ఫెయిలైతే సీడ్ నంబర్ చూపిస్తుంది. అదే సీడ్‌తో నడిపితే అదే ఎర్రర్ మళ్లీ వస్తుంది. తప్పిన లైను చేర్చండి.

కొత్త కర్నెల్‌తో ఉదాహరణ మాడ్యూల్ కంపైల్ కావడం లేదు

కర్నెల్ తన లోపలి ఫంక్షన్ల రూపం మారదని ఎవరికీ మాట ఇవ్వలేదు. 5.6 నుంచి ప్రాక్ డైరెక్టరీలో కనిపించే ఫైళ్లకు ఫైల్ ఆపరేషన్స్ బదులు ప్రాక్ ఆప్స్ అనే స్ట్రక్చర్ ఇవ్వాలి. 6.4 నుంచి క్లాస్ క్రియేట్‌కు మాడ్యూల్ ఓనర్ అనే మొదటి ఆర్గ్యుమెంట్ లేదు. మీకు తగిలింది ఇంకేదైనా అయితే, కర్నెల్ గిట్ చరిత్రలో ఆ పేరు కోసం పెద్ద ఎస్ ఆప్షన్‌తో లాగ్ వెతకండి. రూపం మార్చినవాళ్లు సోర్స్‌లోనే ఉన్న మిగతా డ్రైవర్లను కూడా సరిచేయక తప్పదు. ఆ మార్పును చూసి మీదీ అలాగే మార్చుకోవచ్చు. వెర్షన్‌కొక ఇఫ్‌డెఫ్ (షరతును బట్టి కోడ్‌ను చేర్చే లైను) పెడుతూ పోవడం నాకు నచ్చదు. నాలుగు కర్నెళ్లకు సరిపడే ఉదాహరణలో నేర్చుకోవడానికి వచ్చినవాడికి ఇఫ్‌డెఫ్‌లే కనిపిస్తాయి. వెర్షన్‌కొక బ్రాంచ్ పెట్టండి.

సరిచేశాం, ఆరు నెలలకు మళ్లీ పాడైంది

మామూలు బిల్డ్‌లో అది లేదు, కారణం అదే. లైనక్స్ శాంపుల్స్ కూడా కాన్ఫిగ్‌లో శాంపుల్స్ ఆప్షన్ ఆన్ చేస్తేనే కంపైల్ అవుతాయి. మీ సీఐలో (ప్రతి మార్పునూ తనంతట తానే బిల్డ్ చేసి పరీక్షించే ఏర్పాటు) ఉదాహరణలకు ఒక జాబ్ పెట్టండి. కంపైల్‌తో ఆపకుండా నడిపించి, అవుట్‌పుట్‌ను డాక్యుమెంటేషన్‌లో చూపించిన అవుట్‌పుట్‌తో పోల్చండి. ఏ కమిట్ పాడుచేసిందో తెలియకపోతే కమిట్లను సగాలుగా చీలుస్తూ తప్పును వెతికే గిట్ బైసెక్ట్ రన్‌కు ఒక చిన్న స్క్రిప్ట్ ఇవ్వండి. వేరే కారణంతో బిల్డే కాని కమిట్ దగ్గర స్క్రిప్ట్ 125 తో ముగిస్తే బైసెక్ట్ దాన్ని దాటేస్తుంది.

కొన్నింటిని బాగుచేయడం కన్నా తీసేయడమే మేలు. గెట్స్ వాడే ఉదాహరణ అలాంటిది. సీ11 ఆ ఫంక్షన్‌నే తొలగించింది. తీసేసేముందు ఆ ఫైల్ పేరును మాన్ పేజీల్లో, రీడ్‌మీల్లో, మేక్‌ఫైళ్లలో, ప్యాకేజీ ఇన్‌స్టాల్ జాబితాలో గ్రెప్ చేయండి. ఆ చివరి జాబితాను నేను రెండుసార్లు మర్చిపోయాను. రెండుసార్లూ రిలీజ్ రోజే ప్యాకేజీ బిల్డ్ ఆగింది.