చిత్తూరులో వేగుల, నేరాల పాత జాడలను వెదికే పద్ధతి

చిత్తూరులో గూఢచర్యాల, నేరాల పాత జాడలను వెదకదలచినవారు ముందుగా ఒక తేదీని గుర్తుంచుకోవాలి: ఈ జిల్లా ఏర్పడినది 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందు ఈ ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాలోది కనుక, ఆ కాలపు పత్రాల కోసం చెన్నై ఎగ్మూరులోని అభిలేఖాగారానికి వెళ్ళి, ఆ జిల్లా పేరుతోనే అడగాలి.

ఆరంభానికి చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేటను ఎంచుకోండి. 1782 డిసెంబరులో, ఆంగ్లేయులతో యుద్ధం సాగుతుండగా, మైసూరు పాలకుడు హైదరాలీ అక్కడి దండు విడిదిలో మరణించగా, మలబారు వైపున్న ఆయన కొడుకు టిప్పు వచ్చేవరకు సంగతి పొక్కకుండా, మంత్రులు ఆయన శవాన్ని పెట్టెలో ఉంచి, ఖజానా తరలిస్తున్నట్లుగా కోలారుకు పంపారు. ఈ ఉదంతాన్ని ఆంగ్లేయుల లేఖల్లో ఒకసారి, మైసూరు పక్షపు వృత్తాంతాల్లో మరొకసారి చదివి, వార్త ఎవరికి ఏ రోజున చేరిందో పట్టిక వేసుకోవాలి. పుకారు ఎక్కడ ఆగి వేగుల సమాచారం ఎక్కడ మొదలైందో అప్పుడే తెలుస్తుంది. (ఈ పనిలో అసలు రుచి అక్కడే ఉందని నా అభిప్రాయం.)

పోలీసు దస్త్రాలను మాత్రం అనుమానంతో చదవాలి. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించి, 1947లో అక్కడ రద్దయ్యేవరకు, ఎరుకల వంటివారిని పుట్టుకతోనే దొంగలుగా చూసింది. కాబట్టి నిందితుని పేరు పక్కన కులం తప్ప సాక్ష్యమేదీ కనిపించనిచోట, దానిని నేరంగా కాక నిందగానే రాసుకోవాలి.