జిప్సీకి ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ వేస్తే పాత ట్యాంకు కోయక్కర్లేదు
కార్బురేటర్ ఉన్న మారుతీ జిప్సీలో ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ (ప్రెషర్‌తో వచ్చే పెట్రోలుని ఇంజెక్టర్లతో చిమ్మే రకం) వేశాక, ట్యాంకులో పెట్రోలు తగ్గితే మలుపుల్లో బండి జర్కులు కొడుతుంది. పెట్రోలు ఓ పక్కకి ఒరిగి పంపు గాలి లాగుతుంది, అంతే. దీనికోసం ట్యాంకు కోసి వెల్డింగ్ పెట్టించకండి. ఖాళీ చేసినా లోపల మిగిలిన ఆవిరి చాలు పేలడానికి.

లీటరు, లీటరున్నర పట్టే సర్జ్ ట్యాంకు, అంటే ఎప్పుడూ పెట్రోలు నిండి ఉండే చిన్న అదనపు ట్యాంకు, ఛాసిస్‌కి బిగించండి. పాత ట్యాంకు నుంచి తక్కువ ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపుతో దాన్ని నింపాలి. దాని అడుగు నుంచి హై ప్రెషర్ పంపు ఇంజిన్‌కి తోస్తుంది. ఇంజిన్ రిటర్న్, అంటే వాడగా మిగిలి వెనక్కొచ్చే పెట్రోలు, మళ్లీ సర్జ్ ట్యాంకుకే. పైన ఉండే ఓవర్‌ఫ్లో పైపు మాత్రం పాత ట్యాంకుకి. గాలి పోయే దారి అదే కాబట్టి ఎక్కడా నొక్కుకుపోకూడదు.

పాత రబ్బరు పైపులు 3 బార్ ప్రెషర్‌కి ఆగవు, ఇంజెక్షన్ హోసులే వేయండి. మొదటి పంపు ఫిల్టర్ తుప్పుతో మూసుకుపోతే మాత్రం సర్జ్ ట్యాంకు ఉన్నా జర్కులు తప్పవు.